పాత నగరంలో గుడి, మసీదు, చర్చి, సినగాగ్ చూడబోతున్నారా? ఇలా వెళ్లండి

సింగపూర్‌లో సౌత్ బ్రిడ్జ్ రోడ్డు మీద జామే మసీదు ఉంది. దాన్ని దాటి నాలుగు అడుగులు వేస్తే మారియమ్మన్ గుడి గోపురం కనిపిస్తుంది. మసీదు పక్క వీధి పేరు మాస్క్ స్ట్రీట్. గుడి పక్క వీధి పేరు పగోడా స్ట్రీట్, గోపురాన్ని చూసి పగోడా అన్నారు కాబట్టి. మసీదు 1826లో మొదలైంది, గుడి 1827లో. రెండింటినీ కట్టుకున్నది తమిళ తీరం నుంచి ఓడలెక్కి వచ్చినవాళ్లే. ఒకే తీరం మనుషులు కొత్త ఊళ్లో దిగగానే ఎవరి దేవుడికి వాళ్లు చోటు చూసుకున్నారు, పక్కపక్కనే.

ఇలాంటి నగరాలు ప్రపంచంలో చాలా ఉన్నాయి. వాటిలో తిరగడం నాకు ఎంతో ఇష్టం. అయితే ఈ చోట్లను మ్యూజియంలా చుట్టేసి వస్తే సగం కూడా చూసినట్టు కాదు. అక్కడ ఇవాళ పొద్దున కూడా ఎవరో కన్నీళ్లతో మొక్కుకుని ఉంటారు. మనం వాళ్లింటికి వెళ్లిన చుట్టాలం. చుట్టంగా ఎలా వెళ్లాలో, వెళ్లాక ఏం చూడాలో వరుసగా చెబుతాను.

ముందు ఎన్ని చూడాలో తేల్చుకోండి

రోజుకు మూడు, మహా అయితే నాలుగు. అంతకు మించి పెట్టుకోకండి. ఒకసారి నేను ఒక్కరోజులో ఎనిమిది చూశాను. రాత్రి పడుకునేటప్పుడు ఏ స్తంభం ఎక్కడ చూశానో, ఏ దీపం ఎక్కడిదో అన్నీ కలిసిపోయాయి. అప్పటినుంచి తగ్గించుకున్నాను.

ఎంచుకునేటప్పుడు పేరున్నవాటి జాబితా కన్నా పాత మ్యాప్ ఎక్కువ ఉపయోగపడుతుంది. రేవు ఎక్కడ ఉండేది, బజారు ఎక్కడ, కోట గోడ ఎక్కడిదాకా? ఈ మూడూ తెలిస్తే ప్రార్థనా స్థలాలు ఎందుకు అక్కడ ఉన్నాయో దానంతటదే అర్థమవుతుంది. సింగపూర్‌లోనే తెలోక్ ఆయర్ వీధి ఉంది. ఇప్పుడు చుట్టూ ఆకాశాన్నంటే ఆఫీసులు, కానీ ఒకప్పుడు అదే సముద్రపు ఒడ్డు. చైనా నుంచి క్షేమంగా వచ్చి దిగిన నావికులు సముద్రాన్ని కాపాడే మాజూ దేవతకు అక్కడే దండం పెట్టుకునేవారు. ఆ థియాన్ హోక్ కెంగ్ గుడి నేటి రూపం 1842లో పూర్తయింది. అదే వీధిలో నాగూర్ దర్గా కూడా ఉంది. మలేసియాలోని జార్జ్‌టౌన్‌లో అయితే కపితాన్ కెలింగ్ మసీదు, మహామారియమ్మన్ గుడి, చైనీయుల కువాన్ యిన్ గుడి, 1818 నాటి సెయింట్ జార్జ్ చర్చి, అన్నీ ఒకే వీధి వెంబడి నడిచి చూడొచ్చు. నడిచి వెళ్లగలిగినవి ఎంచుకోండి. రెండు ప్రార్థనా స్థలాల మధ్య ఉన్న వీధి కూడా చూడాల్సిందే.

ఇంకో విషయం కూడా ముందే తెలుసుకోవాలి. ఆ కట్టడంలో ఇప్పుడు ప్రార్థన జరుగుతోందా, లేక అది మ్యూజియమా? ఇస్తాంబుల్‌లోని హగియా సోఫియా 537లో చర్చిగా తలుపులు తెరిచింది, 1453లో మసీదైంది, 1935లో మ్యూజియమైంది, 2020లో మళ్లీ మసీదైంది. పదేళ్ల కిందటి పుస్తకం పట్టుకుని వెళ్తే అక్కడి నియమాలు ఒక్కటీ కలవవు. వెళ్లే వారంలోనే చూసుకోండి.

వారం, వేళ

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. శుక్రవారం మధ్యాహ్నం మసీదుకు, శనివారం యూదుల ప్రార్థనా మందిరమైన సినగాగ్‌కు, ఆదివారం పొద్దున చర్చికి చూడటానికని వెళ్లకండి. ఆ వేళలు అక్కడివాళ్లవి. ప్రార్థనలో కూర్చోవడానికే వెళ్తుంటే వేరే సంగతి, అప్పుడు ముందుగా అడిగి వెళ్లండి. యూదుల విశ్రాంతి దినం శనివారం తెల్లవారి మొదలవదు, శుక్రవారం సూర్యాస్తమయానికే మొదలవుతుంది. అందుకే చాలా సినగాగులు శుక్రవారం మధ్యాహ్నం నుంచే సందర్శకులకు మూసేస్తారు. కొచ్చిలోని పరదేశి సినగాగ్ కూడా అంతే.

గుడుల సంగతి మనకు తెలిసిందే. మధ్యాహ్నం నైవేద్యమయ్యాక తలుపులు మూస్తే మళ్లీ సాయంత్రమే. దూరదేశంలో ఉన్న గుడికీ ఇదే పద్ధతి, అక్కడ ఎలాగూ తెరిచే ఉంటుందని అనుకోవద్దు. మసీదులో రోజుకు ఐదు నమాజులు, వాటి వేళలు సూర్యుణ్ని బట్టి మారుతుంటాయి. మధ్యాహ్నం నమాజు అయ్యాక, సాయంత్రం నమాజుకు ముందు దొరికే సమయం చూడటానికి అనువుగా ఉంటుంది.

సోమవారం నుంచి గురువారం లోపు పెట్టుకుంటే టెన్షన్ ఉండదు. నేనైతే ఈ వరుసలో వెళ్తాను: తెల్లవారగానే గుడి, పది గంటలకు సినగాగ్, ఎండ ముదిరాక చర్చి, ఆ తర్వాత మసీదు. సిక్కుల గురుద్వారా ఉన్న ఊరైతే దాన్ని సాయంత్రానికి ఉంచుకోండి, ఎందుకో కింద చెబుతాను.

సినగాగ్‌కు ఒక ప్రత్యేకమైన జాగ్రత్త ఉంది. భద్రత కారణంగా చాలాచోట్ల ముందుగా ఈమెయిల్ రాసి అనుమతి తీసుకోవాలి, గేటు దగ్గర పాస్‌పోర్టు చూపించాలి. వారం పది రోజుల ముందే రాయండి. ఎవరు, ఎక్కడినుంచి, ఎందుకు చూడాలనుకుంటున్నారు అని నాలుగు వాక్యాలు చాలు.

సంచిలో ఏం పెట్టుకోవాలి

పెద్ద చున్నీ లేదా పల్చటి శాలువా ఒకటి, శుభ్రమైన పెద్ద చేతిరుమాలు ఒకటి, ఒక జత సాక్స్, చెప్పులు పెట్టుకోవడానికి గుడ్డసంచి. మోకాళ్లు, భుజాలు కప్పే వదులు బట్టలు వేసుకుంటే ఏ గడప దగ్గరా ఎవరూ ఆపరు. ఆడవాళ్లు మసీదులో తల కప్పుకోవాలి. కొన్నిచోట్ల పైన వేసుకోవడానికి వస్త్రాలు వాళ్లే ఇస్తారు, అయినా మనది మనం తీసుకెళ్లడమే మేలు.

తల విషయంలో మగవాళ్లు కాస్త గుర్తుపెట్టుకోవాలి. చర్చిలో టోపీ తీసేయడం మర్యాద. సినగాగ్‌లో తల కప్పుకోవడం మర్యాద. దేవుడి ఎదుట వినయం చూపాలన్న భావం రెండుచోట్లా ఒకటే, చూపే తీరే పూర్తిగా తిరగబడింది. గురుద్వారాలో ఆడా మగా అందరూ తల కప్పాల్సిందే. టోపీ పనికిరాదు, గుడ్డ కావాలి. చేతిరుమాలు ఎందుకు పెద్దదిగా ఉండాలన్నానంటే ఇందుకే. రెండు మూలలు కలిపి ముక్కోణంగా మడవండి. పొడవాటి అంచును నుదుటి మీదికి తెచ్చి, రెండు కొనలను మెడ వెనక ముడి వేయండి. చిన్న రుమాలైతే ముడి నిలవదు, వంగి దండం పెట్టేసరికి ఊడి కింద పడుతుంది. మరిచిపోయి వెళ్తే గుమ్మం దగ్గర బుట్టలో గుడ్డలు ఉంటాయి, తీసుకుని కట్టుకోవచ్చు.

జైన ఆలయం కూడా చూడాలనుకుంటే తోలు బెల్టు, తోలు పర్సు ఆ రోజు ఇంట్లోనో హోటల్లోనో వదిలేయండి. గురుద్వారాకు సిగరెట్లు, పొగాకు జేబులో కూడా ఉండకూడదు.

గడప దగ్గర ఒక్క నిమిషం ఆగండి

తొందరపడి లోపలికి అడుగు పెట్టకండి. ముందు మనుషులు ఏం చేస్తున్నారో చూడండి. చెప్పులు ఎక్కడ విడుస్తున్నారు? ఏ తలుపు గుండా వెళ్తున్నారు? గడప తొక్కుతున్నారా, దాటుతున్నారా? ఈ ఒక్క నిమిషం మీకు ఏ బోర్డూ చెప్పనిది చెబుతుంది. చైనీయుల గుడుల్లో గడప ఎత్తుగా ఉంటుంది, దాన్ని తొక్కరు, దాటుతారు. గుడికి ఎదురుగా నిలబడితే కుడిచేతి వైపు తలుపులోంచి వెళ్లి ఎడమచేతి వైపు నుంచి రావడం ఆనవాయితీ.

చెప్పుల గురించి ఒకే సూత్రం పనిచేయదు. యూరప్ చర్చిల్లో, సినగాగుల్లో చెప్పులతోనే వెళ్తారు. ఇథియోపియా చర్చిల్లో మాత్రం విడిచే వెళ్లాలి. కొచ్చి పరదేశి సినగాగ్‌లోనూ విడవాలి. 1568లో కట్టిన ఆ సినగాగ్ నేల మీద చైనా నుంచి తెచ్చిన పలకలు పరిచారు. తెల్లటి పలకల మీద చేత్తో వేసిన నీలిరంగు బొమ్మలు. ఉత్త కాళ్లతో వాటి మీద నిలబడితే చల్లగా, నున్నగా తగులుతాయి. కిందకు వంగి రెండు పలకలను పక్కపక్కన పోల్చి చూడండి, చెయ్యి తిరిగిన తీరులో తేడా కనిపిస్తుంది.

గడప దగ్గర ఇంకొకటి వెతకండి, నీళ్లు. గుడికి కోనేరు, మసీదుకు వుజూ (నమాజుకు ముందు ముఖం, కాళ్లూ చేతులూ కడుక్కోవడం) చేసుకునే కొలను లేదా కుళాయిల వరస, క్యాథలిక్ చర్చి గుమ్మంలో పవిత్ర జలం ఉంచిన రాతి తొట్టె, సినగాగ్‌లో చేతులు కడుక్కునే చోటు. అమృత్‌సర్ స్వర్ణమందిరంలో అయితే లోపలికి వెళ్లే దారిలోనే పాదాలు మునిగేంత నీళ్లు పారుతుంటాయి, తొక్కుకుంటూ వెళ్లాలి. ఏ మతమైనా బయటి దుమ్ముతో నేరుగా లోపలికి రమ్మనదు. ఆ నీళ్లను ముట్టుకోవాలా వద్దా అన్నది మీ ఇష్టం. అయితే వుజూ చేసుకుంటున్నవాళ్ల పక్కన నిలబడి ఫోటోలు మాత్రం తీయకండి.

లోపల ముందు కూర్చోండి, తర్వాత చూడండి

వెళ్లగానే పక్కగా ఒక చోటు చూసుకుని పది నిమిషాలు కూర్చోండి. ఫోను సంచిలో ఉండనివ్వండి. చర్చిలో వెనక బెంచీ, మసీదులో గోడ వారగా, గురుద్వారాలో నేల మీద బాసింపట్టు వేసుకుని. కాళ్లు మాత్రం సిక్కుల పవిత్ర గ్రంథమైన గురుగ్రంథ సాహిబ్ వైపు చాపకూడదు. బౌద్ధ ఆలయంలో బుద్ధుడి వైపూ చాపకూడదు. ఆ పది నిమిషాల్లో కళ్లు చీకటికి అలవాటు పడతాయి, చెవులు కూడా ఆ నిశ్శబ్దానికి అలవాటు పడతాయి.

ఇక అప్పుడు ఒక ప్రశ్న వేసుకోండి: ఇక్కడ అందరూ ఎటు తిరిగి ఉన్నారు? నా అనుభవంలో పాత ప్రార్థనా స్థలాన్ని అర్థం చేసుకోవడానికి దీన్ని మించిన దారి లేదు. ఫోన్లో దిక్సూచి ఉంటుంది, దిక్కు కోసం ఒక్కసారి తీసి చూడండి. గుళ్లో దేవుడు చాలావరకు తూర్పు ముఖంగా ఉంటాడు. పాత చర్చిల్లో ఆల్టర్ (బలిపీఠం) తూర్పున ఉండి, జనం తూర్పుకు తిరిగి ప్రార్థిస్తారు. రోమ్‌లోని సెయింట్ పీటర్స్ లాంటి మినహాయింపులు లేకపోలేదు. మసీదులో మిహ్రాబ్ అనే గోడ గూడు మక్కా వైపు ఉంటుంది. సినగాగ్‌లో యూదుల పవిత్ర గ్రంథమైన తోరా చుట్టలు ఉంచే పెట్టె జెరూసలేం వైపు ఉంటుంది, అంటే యూరప్‌లో తూర్పు గోడకు, భారతదేశంలో పడమటి గోడకు. స్వర్ణమందిరానికి నాలుగు వైపులా తలుపులున్నాయి, ఎటునుంచి వచ్చినవాళ్లకైనా స్వాగతమని.

ఈ దిక్కు తెలిశాక రాళ్లు మాట్లాడటం మొదలుపెడతాయి. హగియా సోఫియాలో నిలబడి ముందుకు చూడండి. కట్టడం మొత్తం ఒక వైపు చూస్తుంటే, మిహ్రాబ్ మాత్రం మధ్య గీత నుంచి కాస్త కుడికి జరిగి ఉంటుంది. చర్చిగా కట్టినప్పటి దిక్కు వేరు, మక్కా దిక్కు వేరు. గోడలు కదలవు కాబట్టి మిహ్రాబే పక్కకు జరిగింది. దాదాపు పదిహేను వందల ఏళ్ల చరిత్ర ఆ కొద్దిపాటి వంకరలో ఉంది, గైడు చెప్పకపోయినా కళ్లకు కనిపిస్తుంది. ఇరాన్‌లోని ఇస్ఫహాన్‌లో 1611లో మొదలుపెట్టిన షా మసీదులో ఇంకో రకం. పెద్ద ద్వారం ఊరి మైదానం వైపు తిన్నగా చూస్తుంది. లోపలికి అడుగుపెట్టాక దారి ఒక్కసారిగా ఏటవాలుగా తిరుగుతుంది. ఊరికి ఎదురుగా ద్వారం, మక్కాకు ఎదురుగా ప్రార్థన, రెండూ కుదరాలంటే మధ్యలో ఆ మలుపు తప్పదు. నడుస్తున్నప్పుడు మీ ఒళ్లు తిరగడం మీకే తెలుస్తుంది.

ఎక్కుతున్నారా, దిగుతున్నారా అన్నది కూడా గమనించండి. గుడికి మెట్లెక్కి వెళ్లడం మనకు అలవాటు. స్వర్ణమందిరానికి మెట్లు దిగి వెళ్తారు. ప్రాగ్‌లో 13వ శతాబ్దం నాటి పాత సినగాగ్ లోపలి నేల కూడా వీధి కన్నా కిందే ఉంటుంది.

ఆ తర్వాత డబ్బు ఎవరిదో చూడండి. రాజు పేరు చెక్కిన ఫలకం ఎవరికైనా కనిపిస్తుంది. సింగపూర్ సుల్తాన్ మసీదు బంగారు రంగు గుమ్మటం అడుగున ఒక నల్లటి పట్టీ ఉంటుంది, దగ్గరకు వెళ్తే గానీ అదేంటో తెలియదు. అవి గాజు సీసాల అడుగులు. 1932లో పూర్తయిన ఆ మసీదుకు పేదవాళ్లు కూడా తమ వంతుగా ఏదో ఒకటి ఇవ్వాలని సీసాలు తెచ్చి ఇచ్చారు. ప్రతి పాత కట్టడంలోనూ ఇలాంటిది ఒకటి దాగి ఉంటుంది, నెమ్మదిగా వెతకండి.

తిరిగేటప్పుడు కొన్ని జాగ్రత్తలు. నమాజు చేస్తున్నవాళ్ల ముందు నుంచి నడవకండి, వెనక నుంచి వెళ్లండి. ఆర్థడాక్స్ చర్చిలో బొమ్మల తెర వెనక్కి వెళ్లకూడదు. బౌద్ధ స్తూపానికి గుడిలాగే సవ్యంగా ప్రదక్షిణ చేస్తారు. థేరవాద బౌద్ధ భిక్షువుకు ఆడవాళ్లు చేతికి చెయ్యి తగిలేలా ఏదీ ఇవ్వకూడదు, పక్కన పెడితే ఆయన తీసుకుంటారు.

ఇచ్చింది తీసుకోవాలా?

కొత్తవాళ్లు ఎక్కువగా మొహమాటపడేది ఇక్కడే. గురుద్వారాలో కడా ప్రసాదం పెడితే రెండు చేతులూ చాపి తీసుకోండి, లంగర్‌లో పక్కనవాళ్లతో కలిసి నేల మీద కూర్చుని తినండి. అది అందరిదీ, మతం అడగరు. తిన్నాక గిన్నెలు తోమడానికి సాయం చేస్తానంటే సంతోషిస్తారు. తినగలిగినంతే పెట్టించుకోండి, పారేయకండి.

క్యాథలిక్ చర్చిలో దివ్యసత్ప్రసాదం అలా కాదు. అది ఆ సంఘంలో చేరి, దాన్ని స్వీకరించే అర్హత ఉన్న విశ్వాసులకే. గుడి ప్రసాదంలా అనుకుని వరసలో నిలబడకండి. మీ బెంచీలోనే కూర్చోండి, ఎవరూ ఏమీ అనుకోరు.

తిలకం, పవిత్ర జలం, అగరుబత్తి వెలిగించడం, ఇవి మీ మనసుకు ఒప్పుకుంటే చేయండి. ఒప్పుకోకపోతే చేతులు జోడించి చిరునవ్వుతో తల ఊపితే సరిపోతుంది. ఇష్టం లేని పని మర్యాద కోసం చేయడం కన్నా గౌరవంగా వద్దనడమే ఆ చోటుకు ఎక్కువ మర్యాద అని నా నమ్మకం.

ఫోటోలు

అడిగి తీయండి. గర్భగుడి, స్వర్ణమందిరం లోపలి మందిరం, విశ్రాంతి దినాన యూదులు ప్రార్థించే జెరూసలేం పశ్చిమ గోడ దగ్గర అసలు తీయకూడదు. ఏడుస్తున్న మనిషిని, కళ్లు మూసుకుని ఉన్న మనిషిని ఎక్కడా తీయకండి, అనుమతి బోర్డు ఉన్నా సరే. బుద్ధుడికి వీపు పెట్టి సెల్ఫీ తీసుకోవడం శ్రీలంకలో పెద్ద తప్పు.

లోపలికి రానివ్వని చోట

పూరీ జగన్నాథాలయంలోకి హిందువులు కానివారిని రానివ్వరు. భారతదేశంలోని పార్సీల అగ్ని ఆలయాలైన అగియారీల్లోకి ఆ మతస్తులు కానివారిని రానివ్వరు. జెరూసలేంలో అల్ అక్సా ప్రాంగణంలోకి ముస్లిమేతరులు కొన్ని వేళల్లో, ఒకే ద్వారం గుండా వెళ్లగలరు, మసీదు లోపలికి మాత్రం వెళ్లలేరు. అలాంటిచోట కాపలా మనిషితో వాదించకండి. ఆయన ఆ నియమం పెట్టలేదు. బయట నిలబడి ప్రహరీని, ద్వారాన్ని, వచ్చిపోయేవాళ్ల చేతుల్లో ఉన్నవాటిని చూడండి. అగియారీ దగ్గర అమ్మే గంధపు చెక్కలు చూస్తే లోపలి అగ్నికి ఏం సమర్పిస్తారో తెలుస్తుంది. ఆ అగ్నిని చూడాలని ఉంటే ఇరాన్‌లోని యజ్ద్ నగరంలో అందరికీ వీలుంది, అద్దం వెనక నుంచి చూపిస్తారు.

ఎవరిని, ఏమని అడగాలి

గైడు కన్నా ఊడ్చేవాళ్లను, చెప్పులు చూసేవాళ్లను, తాళాలు దగ్గర ఉండేవాళ్లను పలకరించండి. "ఇది ఎప్పుడు కట్టారు" అని మొదలుపెట్టకండి, అది బోర్డు మీదే ఉంటుంది. "మీరు చిన్నప్పుడు ఇక్కడ పండగ ఎలా జరిగేది?" అని అడగండి. "ఈ దీపంలో నూనె ఎవరు పోస్తారు?" అని అడగండి. "పొద్దున తలుపు ఎవరు తీస్తారు?" అన్నదైతే చాలా మంచి ప్రశ్న. జెరూసలేంలో క్రీస్తు సమాధి ఉందని నమ్మే చర్చిని ఆరు క్రైస్తవ శాఖలు పంచుకుంటాయి. దాని తాళంచెవి మాత్రం శతాబ్దాలుగా ఒక ముస్లిం కుటుంబం దగ్గర ఉంటుంది, తలుపు తీసేది మరో ముస్లిం కుటుంబం. ఆ చర్చి ముఖద్వారం పైన కిటికీకి ఆనించిన చెక్క నిచ్చెన 18వ శతాబ్దపు చిత్రాల్లోనూ ఉంది. అందరూ ఒప్పుకుంటే తప్ప దేన్నీ కదపకూడదన్న ఒప్పందం వల్ల అది అక్కడే ఉండిపోయింది.

కొన్ని చోట్ల కట్టడం ఉంటుంది, ప్రార్థించే జనం తగ్గిపోయి ఉంటారు. సంప్రదాయ సినగాగ్‌లో సామూహిక ప్రార్థనకు కనీసం పదిమంది వయసొచ్చిన మగవాళ్లు కావాలి. కొచ్చిలో ఇప్పుడు యూదులను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అలాంటిచోట "మీవాళ్లంతా ఏమయ్యారు" అని అడగకండి. వాళ్లంతట వాళ్లు చెబితే పూర్తిగా వినండి, మధ్యలో లేచి వెళ్లకండి.

వచ్చేముందు హుండీలోనో, విరాళాల పెట్టెలోనో మీ శక్తి కొద్దీ వేయండి. పాత పైకప్పు కారకుండా చూసుకోవడం ఏ సంఘానికైనా పెద్ద ఖర్చే.

ఇక సాయంత్రం సంగతి. మీరు చూసిన నాలుగింటిలో ఒకదానికి దీపాలు పెట్టే వేళకు మళ్లీ వెళ్లండి. పొద్దున ఖాళీగా కనిపించిన చోటు అప్పుడు నిండి ఉంటుంది. అమృత్‌సర్‌లో ఉంటే రాత్రి గురుగ్రంథ సాహిబ్‌ను పల్లకిలో అదే ప్రాంగణంలోని అకాల్ తఖ్త్ భవనానికి తీసుకెళ్లేదాకా ఆగండి. పల్లకికి భుజం పట్టడానికి జనం పోటీ పడుతుంటారు. దారి ఇచ్చి పక్కగా, గోడకు దగ్గరగా నిలబడండి.